బెజ్జం కుదిరితే రెక్క కుదురుతుంది

ఇంట్లో కట్టుకునే విమానం పెట్టెల్లో వస్తుంది. తోక ఒక పెట్టెలో, రెక్కలు ఇంకో పెట్టెలో, నడుమ భాగం మరో పెట్టెలో. మూత తీసి చూస్తే అందులో విమానం జాడే కనిపించదు. కాగితాల మధ్య పరిచిన అల్యూమినియం రేకులు, అచ్చులో వంచిన చిన్న చిన్న రిబ్బులు, సంచుల కొద్దీ రివెట్లు, లావుపాటి నక్షల పుస్తకం. రేకు ఒకటి తీసి వెలుతురు వైపు ఎత్తి పట్టుకుంటే మాత్రం కథ తెలుస్తుంది. అంచుల వెంట, అడ్డంగా, నిలువుగా, వరసలు వరసలుగా సన్నటి బెజ్జాలు. డబ్బు పెట్టి కొన్నది ముఖ్యంగా వాటినే. రేకు వేరే చోట కూడా దొరుకుతుంది, ఇంజన్ ఎలాగూ ఇంకో కంపెనీదే. ఏ బెజ్జం ఎక్కడ పడాలో లెక్కకట్టి, ఆ లెక్క తప్పకుండా పొడిచి పంపడమే కిట్ కంపెనీ చేసే గొప్ప పని. ఈ సంగతి పట్టుకుంటే, నూరేళ్లకు పైబడిన ఈ యంత్రం కథంతా ఒక దారిన పడుతుంది.

మొదట్లో బెజ్జాలు లేవు, పెట్టెలూ లేవు, బొమ్మలే ఉన్నాయి. బ్రెజిల్‌లో పుట్టి పారిస్‌లో ఎగిరిన సాంతోస్ ద్యూమోఁ తన చిన్న విమానం ‘దెమ్వాజెల్’కు పేటెంటు తీసుకోలేదు. వెదురు, పట్టుగుడ్డలతో చేసిన ఆ విమానం నక్షలను 1910లో అమెరికా పత్రిక ‘పాపులర్ మెకానిక్స్’ అచ్చు వేసింది. ఓపికున్నవాడు చూసి కట్టుకోవచ్చు. 1929లో మిన్నెసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్ చెక్కతో విమానం కట్టి, ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజన్ బిగించి ఎగిరాడు. ఆయన ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చదవలేదు. ఆ నక్షలతో ఇవాళ్టికీ విమానాలు కడుతున్నారు.

ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే కథ ఇంత సాఫీగా సాగలేదు. 1934లో ఆయన రాసిన పుస్తకం యూరప్‌లో వేలాది మంది యువకుల చేత రంపాలు పట్టించింది. ఆ విమానం పేరు ‘పూ-ద్యూ-సియెల్’. ముందొక రెక్క, దాని వెనకే కాస్త కిందగా మరో రెక్క. ముందు రెక్కే కీలు మీద వంగుతుంది, పైకి కిందికి నడిపించేది అదే. నేర్చుకోవడం సులువు, కట్టడం ఇంకా సులువు. కానీ 1935, 36ల్లో వరస ప్రమాదాల్లో కొందరు చనిపోయారు. అన్నిటిలోనూ ఒకటే తీరు: ముక్కు కిందికి వంగిన విమానం మళ్లీ పైకి లేవలేదు. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలోనూ, ఫ్రాన్స్‌లోని షాలే-మ్యూదోఁలోనూ అసలు విమానాన్నే పెద్ద గాలి సొరంగంలో పెట్టి చూశారు. రెండు రెక్కల నడుమ ఇరుకైన సందులోంచి గాలి వడిగా దూసుకుపోయి వెనక రెక్కను పైకి లేపుతోంది. వెనక లేస్తే ముక్కు ఇంకా కిందికి పోతుంది. ఒక హద్దు దాటాక నడిపేవాడు కర్ర ఎంత వెనక్కి లాగినా ఫలితం ఉండదు. తర్వాత రెక్కల మధ్య దూరం మార్చి లోపాన్ని సరిదిద్దారు గానీ, అప్పటికే ఇంగ్లండ్ వాటిని నిషేధించింది.

మిన్యేను నిందించడం నాకు ఇష్టం లేదు. ఆయన తాను నమ్మినదే రాశాడు, తన విమానంలో తానే ఎగిరాడు. కానీ నక్షల కాలానికి రెండు పెద్ద కొరతలు ఉండేవని ఆ కథ తేల్చి చెప్పింది. ఒకటి, గీసినవాడి లెక్క సరైనదో కాదో కట్టేవాడికి తెలిసే మార్గం లేదు. రెండోది, ఒకే నక్షతో వంద మంది కడితే వంద రకాల విమానాలు తయారవుతాయి. ఒకరి రెక్క ఒక డిగ్రీ మెలిపడుతుంది, ఇంకొకరి తోక వేలెడు పక్కకు జరుగుతుంది.

ఈ రెండో కొరతను తీర్చినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రం వాడు. వేరొకరి నమూనా ప్రకారం తయారైన చిన్న విమానానికి తన సొంత అల్యూమినియం రెక్క అమర్చి, దాని నడక నచ్చి, మొత్తం విమానాన్నే కొత్తగా గీశాడు. అదే 1971లో ఎగిరిన ఒంటి సీటు ఆర్‌వీ-3. 1973లో వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ పేరుతో నక్షలు, కిట్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఇద్దరు ముందూ వెనకా కూర్చునే ఆర్‌వీ-4, పక్కపక్కన కూర్చునే ఆర్‌వీ-6 ఆ తర్వాత వచ్చాయి. ఆర్‌వీ-6 రూపాన్నే తీసుకుని నైజీరియా తన వాయుసేనలో కొత్త పైలట్ల శిక్షణకు విమానాలు కట్టించుకుంది. ఇంతవరకు ప్రపంచంలో పదకొండు వేలకు పైగా ఆర్‌వీలు ఎగిరాయి. ఇళ్లల్లో తయారైన విమానాల్లో ఇంత సంఖ్య మరే వంశానికీ లేదు.

తొలి రోజుల్లో ఆర్‌వీ కొన్నవాడికి వచ్చిన రేకులు ఉత్త రేకులే. ముందు చెక్క దూలాలతో పెద్ద చట్రం కట్టాలి. దాంట్లో రెక్క అస్థిపంజరాన్ని నిలబెట్టాలి. తూకపు గుండు వేలాడదీసి, నీటి మట్టంతో చూసి, ప్రతి రిబ్బూ నిటారుగా ఉందని తేల్చుకోవాలి. ఆ తర్వాత రేకు కప్పి, స్కేలు పెట్టి గీతలు గీసి, వేల బెజ్జాలు ఒక్కొక్కటిగా పొడవాలి. విమానం కట్టడానికి ముందు విమానాన్ని కట్టే యంత్రాన్ని కట్టాలన్నమాట. నెలల పని.

చట్రం అంత ముఖ్యం ఎందుకయింది? అగ్గిపెట్టె పై తొడుగును వేళ్ల మధ్య పట్టుకుని మెలిపెడితే ఇట్టే నలుగుతుంది. లోపలి డబ్బీ దూర్చి ఉంచితే మెలి తిరగదు. రెక్క కూడా అంతే. లోపల స్పార్ అనే పొడవాటి దూలం, రిబ్బులు మాత్రమే ఉన్నప్పుడు చేత్తో పట్టి మెలిపెట్టొచ్చు. పైనా కిందా రేకులు కప్పి రివెట్లు వేసేశాక అది నాలుగు వైపులా మూసుకున్న పెట్టె అవుతుంది, గాలి ఎంత మెలిపెట్టినా ఓర్చుకుంటుంది. అర మిల్లీమీటరు రేకు ఆ బలమంతా మోస్తుంది. చిక్కు ఏమిటంటే, మూసేటప్పుడు రెక్క కొంచెం మెలిపడి ఉంటే ఆ మెలిక శాశ్వతం. గాల్లో చేతులు వదిలితే విమానం ఒక పక్కకు ఒరిగిపోతూనే ఉంటుంది.

1990ల చివర్లో ఈ చట్రాలు మూలపడ్డాయి. కంప్యూటర్‌లో గీసిన ఆకారాన్ని పంచ్ యంత్రం చదివి, ప్రతి రేకులో, ప్రతి రిబ్బులో బెజ్జాలు పొడవడం మొదలుపెట్టింది. రేకులో ఉన్న ప్రతి బెజ్జానికీ కింద రిబ్బులో జోడీ ఉంటుంది. వందల జోడీలు ఒకేసారి ఒకదాని మీద ఒకటి పడే ఆకారం ఒకే ఒక్కటి, అదే సరైన ఆకారం. రెక్క మెలిపడితే బెజ్జాలు కలవవు. భాగాలే ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. నా దృష్టిలో ఈ యంత్రం జీవితంలో అసలైన మలుపు ఇదే. రెక్క ఆకారంలోనో, ఇంజన్‌లోనో రాని మార్పు ఇక్కడ వచ్చింది. చట్రం కట్టే నైపుణ్యం ఎవరికీ కనపడకుండా బెజ్జాల్లోకి చేరిపోయింది. కార్లు నిలిపే షెడ్డులో ఒక మామూలు ఉద్యోగి సాయంత్రాలు కూర్చుని విమానం పూర్తి చేయగలిగాడు. ఇద్దరు కూర్చునే ఆర్‌వీ-7 లాంటి దానికి సాధారణంగా పదిహేను వందల నుంచి రెండు వేల గంటల పని అంటారు.

గజ్వేల్‌లో ట్రాక్టర్ ట్రాలీలు కట్టే ఒకాయనతో ఈ మాట వచ్చినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న చాలా సూటిది. “గింత పల్చటి రేకుకు గన్ని పొక్కలు వొడిస్తే బలం పోదా సారూ? ఒక్క వెల్డింగు లైను కొడితె అయిపోతది గద.”

ఆ ప్రశ్నకు జవాబు లోహంలో ఉంది. విమానం రేకు ఉత్త అల్యూమినియం కాదు. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని బాగా వేడిచేసి నీళ్లలో ముంచి చల్లార్చాడు. దాని గట్టిదనం వెంటనే కొలిస్తే మామూలుగానే ఉంది. కొద్ది రోజులు ఊరికే పడి ఉన్నాక కొలిస్తే బాగా పెరిగింది. కరిగి ఉన్న రాగి అణువులు మెల్లగా గుంపులు కట్టి, లోహపు పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా అడ్డుపడతాయి. దానికే డ్యూరాల్యుమిన్ అని పేరొచ్చింది. ఇవాళ కిట్లలో వచ్చే 2024 రకం రేకు దాని వారసురాలే. వెల్డింగ్ మంట తగిలితే ఆ అమరిక చెడుతుంది, చల్లారేటప్పుడు అతుకు దగ్గర పగుళ్లు వస్తాయి. అందుకే వేడి అక్కరలేని రివెట్. రాగి వల్ల ఆ రేకు తుప్పుకు త్వరగా లొంగుతుంది కాబట్టి, రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియాన్ని సన్నటి పొరగా అద్దుతారు. పనిలో గట్టి గీత పడితే ఆ పొర పోతుంది. అందుకే రేకు మీది నీలం ప్లాస్టిక్ కాగితాన్ని తీయకుండానే పని చేస్తారు.

ట్రాలీ ఆయన శంక కూడా సగం నిజమే. బెజ్జం బలం తగ్గిస్తుంది. అందువల్లే దాని చుట్టూ ఇంత జాగ్రత్త. మొదట భాగాలను క్లీకోలతో తాత్కాలికంగా బిగిస్తారు. వేలంత పొడుగున్న స్ప్రింగు పిన్ను అది, శ్రావణంతో నొక్కి బెజ్జంలో దూర్చి వదిలితే రెండు రేకులనూ కరిచి పట్టుకుంటుంది. అలా వందల క్లీకోలతో ముళ్లపందిలా నిలబడ్డ రెక్కలో ప్రతి బెజ్జాన్నీ డ్రిల్లుతో చివరి కొలతకు తెస్తారు. ఆపైన అంతా విప్పేస్తారు. కొత్తవాళ్లకు ప్రాణం ఉసూరుమనే చోటిది. విప్పి, ప్రతి బెజ్జం అంచునా మిగిలిన కంటికి కనిపించని గరుకును, అంటే బర్‌ను, రెండు వైపులా గీకి నున్నగా చేస్తారు. బర్ వదిలేస్తే ఎగిరిన ప్రతిసారీ వచ్చే వణుకులో ఆ గరుకు చోటే పగులు మొదలవుతుంది. ఏళ్ల తర్వాత ఒక బెజ్జం నుంచి పక్క బెజ్జానికి పాకుతుంది. తర్వాత తుప్పు పట్టకుండా ప్రైమర్ కొట్టి, మళ్లీ క్లీకోలతో కూర్చి, అప్పుడు రివెట్.

చిన్న రివెట్ లావు 2.4 మిల్లీమీటర్లు. దాని బెజ్జం 2.5. తల ఉన్న వైపు రివెట్ గన్ టకటకా కొడుతుంది. అవతలి వైపు ఒకరు ఉక్కు దిమ్మె ఆనించి పట్టుకుంటారు. గన్ దెబ్బకు రివెట్ తోక ఆ దిమ్మెకు తగిలి ఉబ్బి, గుండ్రటి బిళ్లలా పరుచుకుంటుంది. ఆ బిళ్ల వెడల్పు రివెట్ లావుకు ఒకటిన్నర రెట్లు, అంటే 3.6 మిల్లీమీటర్లు, ఎత్తు సగం, అంటే 1.2. తక్కువ కొడితే పట్టు ఉండదు. ఎక్కువ కొడితే లోహం గట్టిపడి చిట్లుతుంది. దిమ్మె వంకరగా పడితే బిళ్ల ఒక పక్కకు వాలుతుంది, దాన్ని డ్రిల్లుతో తొలిచి తీసేసి కొత్తది వేయాలి. తీసేటప్పుడు బెజ్జం పెద్దదైతే దానికి ఇంకో వైద్యం. గన్ పట్టినవాళ్లు, దిమ్మె పట్టినవాళ్లు రేకుకు చెరో వైపు ఉంటారు, ఒకరికొకరు కనిపించరు. ఇంకో దెబ్బ కావాలంటే ఒక తట్టు, బాగుంటే రెండు తట్లు అని ముందే ఒప్పందం చేసుకుంటారు. భార్యాభర్తలు కలిసి కట్టిన విమానాలు చాలా ఉండడానికి ఇదొక కారణం. మొత్తం విమానంలో ఇలాంటి రివెట్లు పదివేలకు పైగానే.

గజ్వేల్ దగ్గరి మర్కూక్‌లో రేకుల షెడ్డు వేసి ఈ పని మొదలుపెట్టేవారికి మన ఎండాకాలం ఇంకో పాఠం చెబుతుంది. అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు 23 మైక్రాన్లు సాగుతుంది. మూడు మీటర్ల రేకును ఎండ తగిలే చోట ఉంచి, నీడలో ఉన్న స్పార్ మీద పరిచామనుకుందాం. తేడా 15 డిగ్రీలున్నా రేకు ఒక మిల్లీమీటరు పొడుగవుతుంది. బెజ్జానికీ రివెట్‌కూ మధ్య ఉన్న వెసులుబాటు మిల్లీమీటరులో పదో వంతే. ఈ చివర కలిస్తే ఆ చివర కలవదు. రెండు భాగాలూ రాత్రంతా ఒకే షెడ్డులో ఉండి ఒకే వేడికి వచ్చాక కూర్చితే ఏ ఇబ్బందీ లేదు.

కిట్ ఇంత సుఖమయ్యాక ఒక న్యాయమైన ప్రశ్న వచ్చింది: ఇంతకీ దీన్ని కట్టింది ఎవరు? అమెరికా చట్టం జవాబు స్పష్టంగా పెట్టుకుంది. చదువు కోసమో సరదా కోసమో కట్టుకునేవాడు పనిలో ఎక్కువ భాగం తానే చేసి ఉండాలి. జనం నోట అది 51 శాతం నియమం. అలా చేసినవాడి పేరే విమానం మీది లోహపు పలక మీద తయారీదారు అని ఉంటుంది. తన విమానానికి ఏటేటా తనిఖీ చేసుకునే అర్హతా దక్కుతుంది. ఎగిరాక సాధారణంగా తొలి 25 నుంచి 40 గంటలు, జనావాసాలకు దూరంగా నిర్ణయించిన ప్రాంతంలోనే పరీక్షించాలి. ఈ ఏర్పాటు నీడలోనే 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఎదిగింది. ఏటా ఆష్‌కాష్‌లో జరిగే దాని పండగకు వేల విమానాలు దిగుతాయి. చట్టం మనిషిని నమ్మింది, నమ్ముతూనే బాధ్యతను అతని పేరు మీద రాసింది. ఈ రెండూ కలిసి ఉండడమే నాకు నచ్చిన సంగతి.

బెజ్జం మీద నిలబడ్డ వ్యాపారం బెజ్జం దగ్గరే తడబడింది కూడా. కొవిడ్ కాలంలో ఇళ్లల్లో కూర్చున్న జనం కిట్ల కోసం ఎగబడ్డారు. గిరాకీ తట్టుకోలేక వ్యాన్స్ కంపెనీ 2022లో కొన్ని భాగాలకు పంచ్ బదులు లేజర్‌తో బెజ్జాలు కోయించింది. లేజర్ బెజ్జం చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ అంచు వెంట లోహం కాలి స్వభావం మారుతుంది, కిరణం మొదలై ముగిసిన చోట సన్నటి గంటు మిగులుతుంది. తల రేకులో కలిసిపోయే రివెట్ కోసం బెజ్జం చుట్టూ గిన్నెలా నొక్కుతారు. అలా నొక్కినప్పుడు కొన్ని బెజ్జాల అంచులు పగిలాయి. కట్టుకునేవాళ్లే మొదట కనిపెట్టారు. భాగాలు మార్చి ఇచ్చే ఖర్చు, ఇతర భారాలు కలిసి 2023 డిసెంబరులో కంపెనీ దివాలా రక్షణ కోరింది. కిట్ల ధరలు పెంచి, అప్పులు సర్దుబాటు చేసుకుని 2024లో బయటపడింది. తనిఖీ చేసే కళ్లు వేల షెడ్లలో ఉండబట్టే లోపం గాల్లోకి వెళ్లకముందే దొరికిందని నేననుకుంటాను.

మన దేశంలో ఈ కథ వేరే దారిన నడిచింది. 1980ల్లో బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ, అమెరికాలో బర్ట్ రూటన్ ఇళ్లల్లో కట్టుకునేవారి కోసం గీసిన ‘లాంగ్-ఈజీ’ని ఆధారం చేసుకుని చిన్న పరిశోధక విమానం కట్టింది. నురుగు దిమ్మెలు కోసి, వాటి మీద గాజునార, ఎపాక్సీ పొరలు పరిచే పద్ధతి అది, రివెట్లే లేవు. రాజ్ మహీంద్రా నడిపించిన ఆ పని నేర్పిన పాఠాల మీదే మన రెండు సీట్ల శిక్షణ విమానం హంస తయారైంది. హంస-3 1998 మే 11న ఎగిరింది. పోఖ్రాన్ పరీక్షల రోజు కావడంతో ఆ వార్త పెద్దగా ఎవరి చెవినా పడలేదు. ఇంటి విమానం ఒక దేశపు ప్రయోగశాలకు కూడా బడి కాగలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ తన అపార్ట్‌మెంట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనకు దాన్ని మేడ మీంచి దించి తీసుకెళ్లారు. అనుమతుల కోసం ఏళ్ల తరబడి తిరగ్గా 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగిరే అనుమతి వచ్చాయి. కేరళకు చెందిన ఇంజనీరు అశోక్ తామరాక్షన్ ఇంగ్లండ్‌లో తన ఇంటి దగ్గరి షెడ్డులో దక్షిణాఫ్రికా నుంచి తెప్పించిన స్లింగ్ కిట్‌ను కట్టి 2022లో ఎగిరారు. లాక్‌డౌన్‌లో మొదలుపెట్టి రెండేళ్లలో ముగించారు. ఇద్దరూ పట్టుదల ఉన్నవారే. ఒకరికి నడిచే దారి సిద్ధంగా ఉంది, మరొకరు దారి కూడా తానే వేసుకోవలసి వచ్చింది.

చేతుల కొరత మనకు లేదు. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటా-బోయింగ్ ఫ్యాక్టరీ 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల దేహాలు కడుతోంది. ఆ పక్కనే సీ-130జె రవాణా విమానాల తోకలు తయారవుతాయి. క్లీకో, దిమ్మె, రివెట్ గన్ మన తెలుగు పిల్లలకు రోజువారీ పనిముట్లు. వాళ్లలో ఎవరైనా సెలవు రోజున సొంత ఊళ్లో సొంత రెక్క కట్టుకోవాలంటే చిన్న రన్‌వే కావాలి, తనిఖీకి వచ్చే అధికారి కావాలి, ఫలానా గడువులో అవునో కాదో చెప్పే నియమం కావాలి. మర్కూక్‌కు ముప్పై కిలోమీటర్ల అటూ ఇటుగా హకీంపేట, దుండిగల్ వాయుసేన శిక్షణ క్షేత్రాలున్నాయి కాబట్టి ఆకాశంలో వాళ్ల అనుమతీ తప్పనిసరి. ఇవేవీ సాధ్యం కానివి కావు. గడువు పెట్టుకుని కూర్చుంటే తేలే పనులే.

గాలి లెక్క మాత్రం ఎవరినీ బతిమాలితే మారదు. 2020 మే 29న మర్కూక్ పంప్‌హౌస్ నుంచి గోదావరి నీళ్లు కొండపోచమ్మ సాగర్‌లోకి ఎక్కాయి. ఆ జలాశయం నిండు మట్టం సముద్రం కంటే 618 మీటర్ల ఎత్తు. నీళ్లకు ఖర్చయిన ఆ ఎత్తే విమానానికీ లెక్కలోకి వస్తుంది. ఆ ఎత్తులో, 40 డిగ్రీల మే నెల మధ్యాహ్నం ఒక ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.05 కిలోలు. నక్షల పుస్తకంలోని అంకెలన్నీ సముద్రమట్టంలో, 15 డిగ్రీల్లో, 1.225 కిలోల గాలికి రాసినవి. గాలి 14 శాతం పలచనయితే రెక్క లేపే బలం, ప్రొపెల్లర్ లాగే బలం, ఇంజన్ పీల్చే ఊపిరి మూడూ తగ్గుతాయి. నేల విడవడానికి కావలసిన పరుగు మూడో వంతుకు పైగా పెరుగుతుంది. పుస్తకం 200 మీటర్లన్న చోట మర్కూక్‌లో 270 మీటర్లు కావాలి. అదే తెల్లవారి ఆరింటికి 26 డిగ్రీలుంటే 250 చాలు. మధ్యాహ్నం కంటే ఇరవై మీటర్లు తక్కువ. కొత్త ఇంజను, కొత్త రెక్క, మొదటిసారి పరీక్షించే పైలట్ కలిసిన రోజున ఆ ఇరవై మీటర్లను వదులుకోకూడదు. రన్‌వే అంతకు రెట్టింపున్నా సరే.